ఆపరేషన్ తర్వాత ఆరో నెల

(స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసం అనగానే మొదటి పావుగంట పోయినాయన గుణగానానికి కేటాయించడం మన ఆనవాయితీ. మాకు న్యూరోసర్జరీ నేర్పిన మాస్టారికి అది గిట్టేది కాదు. తన రిటైర్మెంట్ సభలో ఒకాయన పొగడ్తలు అందుకుంటే ఈయన గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. అందుకని పొగడ్తల జోలికి పోను. వార్డు రౌండ్లలో ఆయన మమ్మల్ని నిలదీసిన ఒక ప్రశ్న ఉంది. ఈ గంటసేపూ దాని చుట్టూనే తిరుగుతాను.

మెదడులో క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్ చేస్తాం. రోగి కళ్లు తెరుస్తాడు, పేరు చెబుతాడు, చెయ్యెత్తమంటే ఎత్తుతాడు. వారం పదిరోజులకు కుట్లు విప్పి ఇంటికి పంపుతాం. డిశ్చార్జి కాగితం మీద 'ఇంప్రూవ్డ్' అని రాస్తాం. మాస్టారు ఆ కాగితం పట్టుకుని, "ఎవరు చెప్పార్రా ఇంప్రూవ్డ్ అని? నువ్వా, వాడా, వాడి పెళ్లామా? ఆరో నెల్లో ఎలా ఉన్నాడో అడిగావా?" అనేవారు. మేం నేల చూపులు చూసేవాళ్లం.

మెదడు గడ్డలన్నీ ఒక్క తీరువి కావని ముందే చెప్పాలి. మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమాల్లో చాలావరకు క్యాన్సర్ కాదు. పూర్తిగా తీయగలిగితే రోగి బతుకు మామూలైపోతుంది. వాటి గురించి మాట్లాడమంటే ఏ సర్జనైనా హుషారుగా మాట్లాడతాడు. నేను ఎంచుకున్నది గ్లయోబ్లాస్టోమా. పెద్దవాళ్లలో మెదడులోనే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేదీ, అన్నిటికన్నా మొండిదీ ఇదే. మా వృత్తి అహంకారాన్ని అణిచింది కూడా ఇదే.

మొదటి ఆపరేషన్ దగ్గరే మాస్టారి ప్రశ్నకు అర్థం దొరుకుతుంది. 1884 నవంబర్ 25, లండన్. రీజెంట్స్ పార్క్ దగ్గర మూర్ఛ, పక్షవాత రోగుల ఆస్పత్రి. పాతికేళ్ల రైతు ఒకడు అప్పటికే అక్కడ చేరి ఉన్నాడు. కొన్నేళ్లుగా ముఖం ఎడమపక్క అదురుతోంది, ఫిట్స్ వస్తున్నాయి, ఆ తర్వాత ఎడమచెయ్యి చచ్చుబడింది. విపరీతమైన తలనొప్పి, వాంతులు. ఎక్స్-రే రావడానికి ఇంకా 11 ఏళ్లుంది. అలెగ్జాండర్ హ్యూస్ బెనెట్ అనే వైద్యుడు ముఖం ముందు అదిరిందా, చెయ్యి ముందు అదిరిందా అన్న వరస పట్టుకుని, మెదడు కుడిభాగంలో ఫలానా చోట గడ్డ ఉందని తేల్చాడు. రిక్‌మన్ గాడ్లీ అనే సర్జన్ సరిగ్గా అక్కడే ఎముక తెరిచాడు. గడ్డ అక్కడే ఉంది. మెదడు లోపలి నుంచి గ్లయోమా తీసిన తొలి ఆపరేషన్‌గా చరిత్రలో దాన్నే చెబుతారు. గ్లాస్గోలో మెక్యూయెన్ 1879లోనే మెదడు పొర గడ్డ తీశాడు గానీ, ఆ గడ్డ జాతి వేరు.

డిసెంబర్ 16న 'టైమ్స్' పత్రికలో ఆ ఆపరేషన్ మీద ఉత్తరం అచ్చయింది. జంతువుల మీద ప్రయోగాలు తప్పంటున్నవాళ్లు చూడండి, కోతుల మెదళ్ల మీద ఫెరియర్ చేసిన పరిశోధన వల్లే ఒక మనిషి బతికాడు అని దాని సారాంశం. డిసెంబర్ 20న 'లాన్సెట్'లో బెనెట్, గాడ్లీల వ్యాసం వచ్చింది. ఆపరేషన్ జరిగిన 28వ రోజున, అంటే ఆ వ్యాసం సిరా ఆరకముందే, రోగి మెదడుకు ఇన్ఫెక్షన్ పాకి చనిపోయాడు. క్రిమిరహిత శస్త్రచికిత్సకు ఆద్యుడైన లిస్టర్‌కు ఈ గాడ్లీ స్వయానా మేనల్లుడు. చావు వచ్చింది కూడా ఆ దారినే.

వాళ్లను తప్పుపట్టడానికి ఈ కథ చెప్పడం లేదు. మరుసటి ఏడాది రోగి మరణంతో సహా మొత్తం వివరాలు వాళ్లే ప్రచురించారు. నేను పట్టుకున్నది తేదీలను. మొదటి ఆపరేషన్ నుంచే మాది ఇదే వరస: విజయవార్త ముందు, ఫలితం తర్వాత. ఈనాటికీ ఆపరేషన్ థియేటర్ తలుపు తెరిచి "సక్సెస్" అని చెప్పేది ఆ సాయంత్రమే.

గ్లయోబ్లాస్టోమాను సర్జన్ ఎందుకు ఊడ్చిపెట్టలేడో చూద్దాం. మాస్టారు దాన్ని పొలంలో గరికతో పోల్చేవారు. పైన కనిపించే దుబ్బును పారతో లేపేయొచ్చు, వేరు ఏ గట్టు దాకా పాకిందో చూపు ఆనదు. ఎమ్మారైలో తెల్లగా మెరిసే గడ్డ చుట్టూ మామూలు మెదడులా కనిపించే చోట కూడా క్యాన్సర్ కణాలుంటాయి. అవి నరాల పోగుల వెంట పాకుతాయి, రెండు అర్ధభాగాలను కలిపే వంతెన మీదుగా అటుపక్కకూ చేరతాయి. 1928లో అమెరికాలో వాల్టర్ డాండీ తాను తెగించి చేసిన ఒక పని గురించి రాశాడు. ఎడమవైపు పక్షవాతం అప్పటికే వచ్చిన కొందరు రోగులకు మెదడు కుడి అర్ధభాగాన్నే మొత్తంగా తీసేశాడు. అయినా క్యాన్సర్ ఆగలేదు. సగం మెదడు తీసినా పోని జబ్బును ఒక అంగుళం ఎక్కువ తీసి పోగొడతాననే సర్జన్‌ను చూస్తే నాకు భయం.

అదే ఏడాది చివర మాంట్రియల్‌లో ఇంకో ఆపరేషన్ జరిగింది. వైల్డర్ పెన్‌ఫీల్డ్ తన సొంత అక్కకు గ్లయోమా తీశాడు. కుడివైపు ముందుభాగం దాదాపు మొత్తం తీసేయాల్సి వచ్చింది. ఆవిడ కోలుకుంది. పక్షవాతం లేదు, మాట పోలేదు, జ్ఞాపకశక్తి బాగానే ఉంది. మన లెక్కలో వందకు వంద మార్కులు. పెన్‌ఫీల్డ్ అక్కడితో ఊరుకోలేదు. ఏడాది దాటాక ఆవిడ ఇంటికి వెళ్లినప్పుడు చూసింది కూడా 1935 నాటి వ్యాసంలో రాశాడు. ఒక అతిథికీ, ఇంట్లోవాళ్లు నలుగురికీ ఆవిడ వంట తలపెట్టింది. ఒకప్పుడు అది ఆవిడకు లెక్కలోకి రాని పని. భోజనాల వేళకు వంటింట్లో సామాన్లన్నీ ఉన్నాయి, పొయ్యి మీద ఒకటి రెండు ఉడుకుతున్నాయి, సలాడ్ సిద్ధం కాలేదు, మాంసం పొయ్యే ఎక్కలేదు. ఏది ముందు, ఏది వెనక అన్న సంబాళింపు తెగిపోయి, చాలాసేపటి నుంచి ఒక్కతే అవస్థ పడి దిక్కుతోచక నిలబడి ఉంది. ఆపరేషన్ ఫలితాన్ని వంటింట్లో వెతికిన సర్జన్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తన అక్క కాబట్టి వెతికాడనుకోండి. ఆపరేషన్ తర్వాత రెండు మూడేళ్లలోనే గడ్డ మళ్లీ వచ్చి ఆవిడ చనిపోయింది.

మన దేశంలో న్యూరోసర్జరీకి శ్రీకారం చుట్టిన జేకబ్ చాందీ ఆ పెన్‌ఫీల్డ్ దగ్గరే, మాంట్రియల్‌లోనే నేర్చుకున్నాడు. 1949లో వెల్లూరులో తొలి విభాగం పెట్టాడు. మరుసటి ఏడు మద్రాసులో బి. రామమూర్తి మొదలుపెట్టారు. మాస్టారు మద్రాసులో నేర్చుకున్న తరంవారు. అప్పటికి స్కానింగులు లేవు. వెన్ను ద్వారానో, పుర్రెకు రంధ్రం చేసో గాలి ఎక్కించి ఎక్స్-రే తీయడం, మెడ దగ్గర రక్తనాళంలోకి సూది గుచ్చి రంగుమందు ఎక్కించడం, అంతే. లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ సీటీ స్కానింగ్ యంత్రం మొదటి రోగి మెదడును బొమ్మకట్టింది 1971 అక్టోబర్‌లో. ఆ యంత్రం మన జిల్లాలకు చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

పూర్తిగా తీయలేని గడ్డకు అసలు కత్తి ఎందుకు పట్టాలి? సభలో ఎవరో ఒకరికి ఈ అనుమానం వచ్చే ఉంటుంది. పుర్రె ఎముకల పెట్టె, అది సాగదు. గడ్డ పెరిగినకొద్దీ లోపల ఒత్తిడి పెరిగి తలనొప్పి, వాంతులు, మగత, చివరికి శ్వాస ఆగిపోవడం. గడ్డను చాలామటుకు తీస్తే ఆ ఒత్తిడి దిగుతుంది. వాపుకు డెక్సామెథసోన్ ఇవ్వడం 1961లో మొదలైంది. మంచానికి అంటుకుపోయిన రోగి రెండు రోజుల్లో లేచి కూర్చుంటాడు. న్యూరోసర్జన్ల పేరుప్రతిష్ఠల్లో ఈ మాత్రకు రావాల్సిన వాటా ఎవరూ ఇవ్వలేదని మాస్టారు నవ్వేవారు.

కత్తి పట్టడానికి రెండో కారణం ముక్క పరీక్ష. స్కానింగ్ చూసి "క్యాన్సరే" అని చెప్పేవాళ్లంటే నాకు జంకు. 1990లో అమెరికాలో ప్యాచెల్ బృందం ఒక పరీక్ష చేసింది. ఒంట్లో మరోచోట క్యాన్సర్ ఉందని అప్పటికే తేలి, మెదడులో ఒక్క మచ్చ కనిపించిన రోగులను తీసుకున్నారు. అది ఆ క్యాన్సర్ పాకిందేనని అందరూ అనుకున్నారు. ముక్క తీసి చూస్తే 54 మందిలో ఆరుగురికి అది కానే కాదు. మన దగ్గర ఈ జాగ్రత్త మరీ అవసరం. పాత రోజుల్లో మన న్యూరోసర్జరీ వార్డుల్లో 'ట్యూమర్' అని చేర్చుకున్నవాళ్లలో క్షయగడ్డలు బోలెడుండేవి. ఇవాళ్టికీ ఉన్నాయి. క్షయకు మందులున్నాయి. ముక్క చూడకుండా ఎవరికీ మరణశిక్ష రాయకూడదు. అదే పరీక్షలో, పాకిన ఒంటి గడ్డను తీసి ఆపైన రేడియేషన్ ఇచ్చినవాళ్లు మధ్యస్థంగా 40 వారాలు బతికారు; రేడియేషన్ మాత్రమే తీసుకున్నవాళ్లు 15 వారాలు.

మధ్యస్థం అన్నాను. రోగులందర్నీ వాళ్లు బతికిన కాలాన్నిబట్టి వరసగా నిలబెడితే సరిగ్గా నడుమ నిలబడ్డ మనిషి ఆయుష్షు అది. సగంమంది అంతకన్నా ఎక్కువే బతుకుతారు. ఈ ఒక్క సంగతి కుటుంబాలకు విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ.

ఎంత తీస్తే ఎంత మేలు? 2001లో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ సెంటర్‌వాళ్లు 416 మంది గ్లయోబ్లాస్టోమా రోగుల లెక్క వేశారు. స్కానింగ్‌లో కనిపించే గడ్డలో 98 శాతం, ఆపైన తీసినవాళ్ల మధ్యస్థ ఆయుష్షు 13 నెలలు, అంతకన్నా తక్కువ తీసినవాళ్లది 8.8 నెలలు. పదేళ్ల తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో 500 మంది లెక్కచూసి, 78 శాతం తీసినా కొంత మేలు మొదలవుతుందన్నారు. ఈ అంకెలను నేను ఒక కన్ను మూసే చూస్తాను. పూర్తిగా తీయడానికి వీలైన గడ్డ అంటే అందే చోట ఉన్న గడ్డ. అలా తీయడానికి సర్జన్ ఒప్పుకునే రోగి సాధారణంగా చిన్న వయసువాడు, అప్పటికి ఒంట్లో సత్తువ ఉన్నవాడు. వాడు ఎక్కువకాలం బతకడంలో సర్జన్ చేతి చలవ ఎంత, వాడి అదృష్టం ఎంత అన్నది విడదీయడం కష్టం. ఎక్కువ తీయడం మేలే అని నేనూ నమ్ముతాను, అది ఎవరి ఖర్చు మీద అని అడిగాకే.

ఆ ఖర్చుకూ లెక్క ఉంది. 2009లో జాన్స్ హాప్కిన్స్ సర్జన్లు తమ సొంత రోగుల లెక్క బయటపెట్టారు. ఆపరేషన్ వల్ల కొత్తగా లోపం ఏదీ రానివాళ్ల మధ్యస్థ ఆయుష్షు 12.8 నెలలు. ఆపరేషన్ వల్ల కొత్తగా చెయ్యో కాలో పడిపోయినవాళ్లది 9 నెలలు. మాట పోయినవాళ్లది 9.6. సర్జన్ ఒక సెంటీమీటరు ఆశపడి సంపాదించిందంతా అక్కడ పోయినట్టే. పక్షవాతం వచ్చిన మనిషి మంచాన పడతాడు, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, న్యుమోనియా వస్తుంది, రేడియేషన్‌కు తీసుకెళ్లేవాళ్లుండరు. ఆయుష్షు తగ్గే దారి ఇది. తమ చేతి వల్ల జరిగిన నష్టాన్ని తామే అచ్చువేసిన ఆ సర్జన్లంటే నాకు గౌరవం.

మెలకువగా ఉంచి చేసే ఆపరేషన్ల అవసరం ఇక్కడే. బయటివాళ్లకు అది అద్భుతంలా కనిపిస్తుంది, టీవీవాళ్లు ఎగబడతారు. లోపల జరిగేది చాలా నిదానపు పని. చర్మానికి మత్తు సూదులు వేసి, ఎముక, పొర తెరిచాక నిద్రమందు తగ్గిస్తారు. మెదడుకు నొప్పి తెలియదు. రోగి తల కదలకుండా బిగించి ఉంటుంది. ముఖం ఒక పక్క గుడ్డల కింది నుంచి కనిపిస్తుంది. ఆ పక్కనే స్టూలు మీద ఒకమ్మాయి కూర్చుని ఉంటుంది, స్పీచ్ థెరపిస్టు. "ఒకటి నుంచి లెక్కపెట్టండి బాబాయ్" అంటుంది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు..." సర్జన్ రెండు కొనల ప్రోబ్‌ను మెదడు మీద ఆనించి కొద్ది మిల్లీయాంపియర్ల కరెంటు ఇస్తాడు. "ఐదు..." అని ఆయన ఆగిపోతాడు. పెదవులు కదులుతుంటాయి, మాట రాదు. ప్రోబ్ తీయగానే "ఏడు" అంటాడు. తను ఆగినట్టు కూడా ఆయనకు తెలియదు. అక్కడ అంకె వేసిన చిన్న కాగితం ముక్క పెడతారు. అంటే ఆ చోటు ముట్టుకోవద్దని.

తర్వాత బొమ్మలు. తెరమీద బొమ్మ చూసి "ఇది గొడుగు", "ఇది సైకిల్" అని పూర్తి వాక్యం చెప్పాలి. "ఇది..." దగ్గర ఆగి, వస్తువు పేరు మాత్రం రాకపోతే అది ఒక రకం చోటు, అసలు నోరే పెగలకపోతే వేరే రకం. మొదట్లో మాకు దొరికినవి పైదేశాల బొమ్మలు. అందులో బీవర్ అనే జంతువు ఉండేది, మంచు మీద జారే బండి ఉండేది. మా రోగి జన్మలో చూడని వస్తువుకు పేరు చెప్పలేకపోతే అది కరెంటు వల్లనా, బొమ్మ వల్లనా? రోకలి, చేట, బిందె, నాగలి బొమ్మలు గీయించుకున్నాక ఆ తికమక తగ్గింది. హైదరాబాదులో ఇంకో చిక్కు. ఇంట్లో తెలుగు, కొట్లో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిష్. ఆజిమన్, విటేకర్ అనే పరిశోధకులు 1978లోనే చూపించారు: రెండు భాషలొచ్చిన మనిషికి మెదడులో కొన్ని చోట్లు రెంటికీ ఉమ్మడి, కొన్ని ఒక్కో భాషకే పరిమితం. అందుకని ముందురోజే కూర్చోబెట్టి అడగాలి, "ఏ మాట పోతే మీకు బతుకు గడవదు?" అని. ఒక బట్టలకొట్టు యజమాని తడుముకోకుండా ఉర్దూ అన్నాడు. భార్య పక్కనే ఉంది, ఆమెకు తెలుగు తప్ప రాదు. రెండూ పరీక్షించారు లెండి.

ఈ పద్ధతి వట్టి ఆర్భాటం కాదు. 2012లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 90 అధ్యయనాల్లోని 8,091 మంది రోగుల లెక్కలు కలిపి చూశారు. కరెంటుతో చోట్లు గుర్తించి చేసినచోట తీవ్రమైన లోపం మిగిలిపోయింది 3.4 శాతం మందికి, అలా చేయనిచోట 8.2 శాతం మందికి. చిత్రమేమంటే గడ్డ పూర్తిగా తీయగలిగింది కూడా మొదటివాళ్లలోనే ఎక్కువ, 75 శాతం. రెండోవాళ్లలో 58. ఎక్కడ ఆగాలో తెలిసినవాడే ధైర్యంగా ముందుకు పోగలడు.

సర్జన్ కంటికి సాయంగా ఇంకోటి వచ్చింది. ఆపరేషన్‌కు మూడు నాలుగు గంటల ముందు 5-ఏఎల్ఏ అనే మందు తాగిస్తారు. మైక్రోస్కోపులో నీలికాంతి వేస్తే మామూలు మెదడు నీలంగా ఉండి క్యాన్సర్ గులాబీరంగులో వెలుగుతుంది. 2006లో జర్మనీలో 322 మంది మీద జరిగిన పరీక్షలో, కనిపించే గడ్డ పూర్తిగా పోయింది ఈ మందు తాగినవాళ్లలో 65 శాతానికి, మామూలు దీపం కింద చేయించుకున్నవాళ్లలో 36 శాతానికి. ఆరునెలలకు గడ్డ మళ్లీ పెరగకుండా ఉన్నవాళ్లు 41 శాతం, 21 శాతం. మొత్తం ఆయుష్షులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మందు ఖరీదైంది. ఉన్నచోట వాడండి, అది లేని సర్కారు ఆస్పత్రిలో చేయించుకున్నాం కాబట్టి అన్యాయమైపోయామని ఎవరూ కుమిలిపోనక్కర్లేదు.

అసలు ఫలితం తేలేది ఆపరేషన్ తర్వాతి ఆరువారాల్లో. మన వాళ్లు 'కరెంటు పెట్టడం' అంటారే, ఆ రేడియేషన్ గురించి చెబుతున్నాను. 1978లో వాకర్ బృందం చూపింది ఇది: ఆపరేషన్ తర్వాత ఏ చికిత్సా లేకపోతే మధ్యస్థ ఆయుష్షు 14 వారాలు, రేడియేషన్ ఇస్తే 35 వారాలు. వారానికి ఐదురోజుల చొప్పున ఆరువారాలు, మొత్తం 30 సార్లు. 2005లో స్టుప్ బృందం 573 మంది మీద దానికి టెమోజోలమైడ్ గోలీలు జోడించింది. మధ్యస్థ ఆయుష్షు 12.1 నుంచి 14.6 నెలలకు పెరిగింది. రెండున్నర నెలలేనా అని పెదవి విరవొద్దు. రెండేళ్లు దాటి బతికినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. ఐదేళ్లు దాటినవాళ్లు దాదాపు 10 శాతం. అంతకుముందు 2 శాతమే. గడ్డలో ఎంజీఎంటీ అనే జన్యువు మూతపడి ఉన్న రోగులకు ఈ గోలీలు బాగా పనిచేస్తాయి. ఆ మాత్ర ఇప్పుడు మన దేశంలోనే తయారై ధర చాలా దిగింది.

ఇక్కడే మన సంగతి వస్తుంది. ఆపరేషన్ ఒక్కరోజు పని. రేడియేషన్ ఆరువారాలు, అదీ యంత్రం ఉన్న ఊళ్లోనే. ఉట్నూరు నుంచో పాలకొండ నుంచో వచ్చిన కుటుంబం హైదరాబాదులోనో విశాఖలోనో నెలన్నర మకాం పెట్టాలి. గది అద్దె, రోజూ ఆటో, రోగితోపాటు ఉండే కొడుకు పోగొట్టుకునే కూలి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షలమందికి ఆపరేషన్ గడప దాటించింది, అందులో నాకు రెండో మాట లేదు. క్యాన్సర్‌కు రేడియేషన్, మందులు కూడా దానికిందికే వస్తాయి. అయినా ఆరువారాల తిండి, గది, పోయిన కూలి కుటుంబం మీదే పడతాయి. రెండోవారానికి రోగి కాస్త తేరుకుంటాడు, "ఇంక బాగానే ఉన్నాగా, ఇంటికి పోదాం" అంటాడు. ఊళ్లో మిరపకోతలు, ఎవరో ఒకరు పోవాలి. అంతే, 12వ సిట్టింగుతో చికిత్స ఆగిపోతుంది. థియేటర్లో పది గంటలు నిలబడి సాధించింది బస్టాండులో జారిపోతుంది. 65 ఏళ్లు దాటినవాళ్లకు మూడువారాల్లో 15 సిట్టింగులతోనే ముగించే పద్ధతిని 2017లో పెద్ద పరీక్షలో వాడారు. దానికి గోలీలు జోడిస్తే ఆయుష్షు 7.6 నుంచి 9.3 నెలలకు పెరిగింది. మన ముసలివాళ్లకు ఇది ఎంత వెసులుబాటో రేడియేషన్ డాక్టర్లు గమనించాలి. ఆస్పత్రి పక్కన ఒక సత్రం కట్టినవాడు కొత్త మైక్రోస్కోపు కొన్నవాడికన్నా ఎక్కువమందిని బతికించగలడని నా నమ్మకం.

అన్ని గడ్డల కథా ఇంత చీకటి కాదు. పిల్లల చిన్నమెదడులో వచ్చే మెడులోబ్లాస్టోమాను తీసుకోండి. 1930లో హార్వీ కుషింగ్ తన 61 మంది రోగుల సంగతి రాస్తే మూడేళ్లు దాటి బతికింది ఒక్కరు. ఇవాళ ప్రమాదం తక్కువున్న తరగతి పిల్లల్లో నూటికి 80 మంది ఐదేళ్లు దాటుతున్నారు. 2008లో ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు కనిపెట్టాక, పాత రోజుల్లో గ్లయోబ్లాస్టోమా అని ఒకే గాటన కట్టిన గడ్డల్లో కొన్ని వేరే జాతివనీ, అవి ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి బతుకుతారనీ తేలింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని విడగొట్టింది. కాబట్టి పక్కింటాయన ఎనిమిది నెలల్లో పోయాడు, మనదీ అంతే అని బెంబేలు పడకూడదు.

ఏ ఆస్పత్రికి వెళ్లాలి అని నన్ను చాలామంది అడుగుతుంటారు. అమెరికాలో 1988 నుంచి 2000 దాకా జరిగిన మెదడు గడ్డ ఆపరేషన్ల రికార్డులు చూస్తే, ఏడాదికి ఎక్కువ ఆపరేషన్లు చేసే ఆస్పత్రుల్లో మరణాలు తక్కువ. భవనం అద్దాలూ లిఫ్టులూ చూడకండి. "ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? మీ రోగుల్లో కొత్తగా చెయ్యీకాలూ పడిపోయేది ఎందరికి?" అని అడగండి. నొచ్చుకునే సర్జన్ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

వరండాలో మాట్లాడటం గురించి చెప్పి ముగింపుకు వస్తాను. ఆపరేషన్‌కు ముందు కొడుకులు పక్కకు పిలిచి, "నాన్నకు చెప్పొద్దు సార్" అంటారు. నాన్న ఒంటరిగా దొరికినప్పుడు, "పిల్లలకు చెప్పకండి డాక్టరుగారూ, భయపడతారు" అంటాడు. ఇద్దరికీ అంతా తెలుసు. మధ్యలో రెండెకరాల పొలం అమ్మకం జరుగుతుంటుంది. గడ్డ తిరిగొచ్చి రెండో ఆపరేషన్ మాట వచ్చినప్పుడైతే మిగిలింది కూడా పోతుంది. వయసులో ఉండి, తన పనులు తాను చేసుకుంటూ, మొదటి ఆపరేషన్ తర్వాత చాలాకాలం బాగున్న మనిషికి రెండోసారి చేయడంలో అర్థముంది. పక్కమీదే ఉన్న మనిషికి లేదు. ఆ మాట కుటుంబం మొత్తాన్ని కూర్చోబెట్టి చెప్పాలి, డబ్బు సంగతి కూడా అప్పుడే. మాస్టారు దానికి వరండాను ఒప్పుకునేవారు కాదు. గదిలోకి పిలిచి, రోగి భార్యకు కుర్చీ వేయించి, తను స్టూలు మీద కూర్చునేవారు. ఆపరేషన్‌తో ఇక మేలు లేదన్న రోజున "ఇంక చేసేదేం లేదు" అని చెప్పి పంపించడం ఆయన దృష్టిలో పెద్ద తప్పు. ఫిట్స్‌కు మందుంది, నొప్పికి మార్ఫిన్ ఉంది, వాపుకు స్టెరాయిడ్ ఉంది. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లోనూ అలాంటి కేంద్రాలు మొదలయ్యాయి. ఆ అడ్రసు రాసివ్వడం కూడా న్యూరోసర్జన్ పనే.

ఆరో నెలలో రోగుల సంగతి మాస్టారికి ఎలా తెలిసేదో చెప్పలేదు కదూ. ఫోన్లు లేని రోజుల్లో ఆయన డిశ్చార్జి కాగితంతోపాటు జవాబు కార్డు ఒకటి ఇచ్చేవారు. మీద ఆస్పత్రి చిరునామా, వెనక నాలుగు ప్రశ్నలు: నడుస్తున్నారా, మాట్లాడుతున్నారా, తమ అన్నం తాము తింటున్నారా, పనికి పోతున్నారా. కార్డుకు డబ్బు ఆయన జేబులోంచే. సగం తిరిగొచ్చేవి కావు. వచ్చినవాటిలో కొన్ని ఊరి పంతులు చేత రాయించినవి. ఒక దానిమీద ప్రశ్నలన్నీ వదిలేసి, "మా నాయిన పోయిన నెల పోయిండు. మీరు చెప్పినట్టే అయింది. ఆఖరు దాకా మమ్మల్ని గుర్తువట్టిండు" అని ఉంది. ఈ కార్డును ఆయన రికార్డులో 'మంచి ఫలితం' కింద కట్టారు. నేను వాదించాను, చనిపోయిన రోగి మంచి ఫలితం ఎలా అవుతాడని. ఆఖరి దాకా ఇంట్లోవాళ్లను గుర్తుపట్టాడు, ఇంతకన్నా ఏం కావాలి మీకు అన్నారు. ఇప్పటికీ ఆ లెక్కతో నేను పూర్తిగా ఏకీభవించను. కానీ ఆయన దగ్గర లెక్కంటూ ఉంది.

మన రెండు రాష్ట్రాల్లో ఇవాళ మెదడు గడ్డలకు ఆపరేషన్లు చేసే ఆస్పత్రులు ఎన్నో ఉన్నాయి. ఒక్క ఆపరేషన్‌కే కాదు, ఆరునెలల తర్వాతి స్థితికి కూడా లెక్క రాసే రిజిస్టరు ప్రతి ఆస్పత్రిలోనూ ఉండాలి. ఎంతమంది బతికున్నారు, ఎంతమంది సొంతంగా నడుస్తున్నారు, ఎంతమంది మాట నిలిచింది, ఎంతమంది రేడియేషన్ పూర్తిచేశారు. జీతమిచ్చి ఒక్క గుమాస్తాను పెడితే చాలు. ఏడాదికోసారి ఆ లెక్కను ఓపీ గోడ మీద అంటించాలి. అంకెలు బాగులేకపోయినా సరే అంటించాలి. యువ సర్జన్లకు నా విన్నపం ఇది: మీరు చేసిన చివరి పదిమంది రోగులు ఇవాళ ఎలా ఉన్నారో ఈ వారంలోనే కనుక్కోండి.

రోగుల బంధువులు ఈ సభలో ఉంటే వాళ్లకూ ఒక మాట. డిశ్చార్జి అయ్యేటప్పుడు పనిచేసే ఫోన్ నంబరు రెండు చోట్ల రాయించండి. ఆరో నెలలో ఆస్పత్రి నుంచి ఫోనొస్తే తప్పకుండా ఎత్తండి. మీ మనిషి పోయి ఉన్నా సరే, కోపం ఉన్నా సరే, ఎత్తి జరిగింది జరిగినట్టు చెప్పండి. మీ తర్వాత ఆ మంచం మీదికి వచ్చే రోగికి అది పనికొస్తుంది.